ఆగిందన్నాను

ఫిబ్రవరి 9

డాక్టరు రోజూ పొద్దున షుగరు ఎంత ఉందో రాసిపెట్టుకోమన్నాడు. మా ఆవిడ ఈ నోటుబుక్కు తెచ్చి, ప్రతి పేజీకీ ఎడమ పక్కన స్కేలు పెట్టి గీత కొట్టి ఇచ్చింది. గీతకు ఎడమవైపు అంకె రాయాలి. కుడివైపంతా ఖాళీ. వదిలేయడం ఎందుకని ఇవి రాస్తున్నాను. ఆవిడ చదువుతుందన్న భయం లేదు. పోస్టాఫీసులో పాతికేళ్ళుగా ఊరందరి ఉత్తరాలూ విడదీస్తోంది, ఒక్కటీ విప్పి చూసిన మనిషి కాదు.

ఈ రోజు 186.

విదేశం వెళ్ళడం ఖాయమైంది. మా ఫ్యాక్టరీ కొన్న కొత్త సబ్బుల ప్యాకింగ్ మిషన్ నేర్చుకోవడానికి, అది తయారుచేసే కంపెనీకి ఇద్దరిని పంపుతున్నారు. నేను, నిదానం. ఇరవై నాలుగు రోజులు. తిరిగొచ్చాక ఇద్దరిలో ఒకరు కొత్త లైనుకు ఇన్‌ఛార్జి అవుతారు.

నిదానం అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఒక బోల్టు బిగించి మూడుసార్లు చూసుకుంటాడు. అతను ఒక టీ తాగేలోపు మాకు రెండోది అయిపోతుంది. పనిలో చేరిన రోజు నన్ను సరదాకి 'బావా' అన్నాడు. ఇరవై ఏళ్ళయింది, అదే పిలుపు. మంచివాడు. కానీ ఇన్‌ఛార్జి అంటే చురుకు ఉండాలి.

ఫిబ్రవరి 12

192.

ఫ్యాక్టరీలో ఆరోగ్యం ఫారం ఇచ్చారు. దీర్ఘకాలంగా ఏవైనా జబ్బులున్నాయా అని ఒక ప్రశ్న. లేవు అని రాశాను. బాయిలరు దగ్గర పనిచేసే ఆయన మూడేళ్ళ కింద ఇలాంటి ఫారంలోనే ఫిట్స్ ఉన్నాయని నిజం రాశాడు. ఇప్పుడు గేటు దగ్గర కుర్చీ వేసుకుని లారీల నంబర్లు రాసుకుంటున్నాడు. షుగరు జబ్బు కిందికి రాదు. సగం మందికి ఉంది. నాకు ఎనిమిదేళ్ళుగా మాత్రలు, అయిదు నెలలుగా రాత్రిపూట ఇన్సులిన్ సూది. అంతే.

ప్రయాణం ఇన్సూరెన్సు ఫారంలోనూ అదే ప్రశ్న ఉంది. అక్కడా లేవనే రాశాను. రెండు కాగితాలూ ఒక్కలాగే ఉండాలి కదా.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఫిబ్రవరి 16

179.

ఈ ప్రయాణం నాదో మా ఆవిడదో తెలియడం లేదు. పాస్‌పోర్టుకు మూడు కాపీలు తీయించింది. ఒకటి నా జేబుకు, ఒకటి పెట్టెకు, ఒకటి ఇంటికి. ఫోన్ నంబర్లన్నీ అట్ట ముక్క మీద చేత్తో రాసింది: అక్కడి హోటల్, మన ఎంబసీ, ఇన్సూరెన్సు వాళ్ళు, మేనేజరు. నిదానం నంబరు కూడా నన్నడిగి తన ఫోనులో ఎక్కించుకుంది. అన్నీ ఫోనులో ఉండగా ఈ అట్ట దేనికన్నాను. ఫోను పోతే ఏం చేస్తారంది. ఫోను పోయాక నంబరు ఉండి ఏం లాభమన్నాను.

"ఎవరినో ఒకరిని అడిగి చేస్తారు. నోరుంది కదా" అంది.

మందుల గురించి మాత్రం చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. మాత్రలు సగం చేతిసంచిలో, సగం పెట్టెలో. ఇన్సులిన్, సూదులు, షుగరు చూసే మిషన్ మొత్తం చేతిసంచిలోనే. పెద్ద పెట్టెలో వేస్తే విమానంలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టి పనికిరాకుండా పోతుందట. ఈ మనిషికి ఈ మందులు అవసరం అని డాక్టరు చేత ఇంగ్లీషులో ఉత్తరం కూడా రాయించింది. కవరు అంటించలేదు. అడిగితే తీసి చూపించడానికి వీలుగా ఉండాలట.

ఫిబ్రవరి 21

204. ప్రయాణం కంగారు, అందుకని.

పొద్దున ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు చేతిసంచిలోని మందులన్నీ తీసి పెద్ద పెట్టెలో అడుగున, తువ్వాలులో చుట్టి పెట్టాను. ఉత్తరం కూడా. ఎయిర్‌పోర్టులో సంచి తెరిచి సూదులన్నీ బల్ల మీద పరుస్తారు. పక్కన నిదానం ఉంటాడు. అతను ఎవరికీ చెప్పడు కానీ, తెలియడమే దండగ. ఒక్క రోజు ప్రయాణానికి ఏమీ కాదు. రేపు సాయంత్రం దిగగానే వేసుకోవచ్చు.

ఆవిడ గుమ్మం దగ్గర సంచి ఒకసారి ఎత్తి చూసింది. తేలిగ్గా ఉందేమిటంది. మంచిదే కదా అన్నాను.

ఫిబ్రవరి 22

దిగాం. నిదానం పెట్టె వచ్చింది. నాది రాలేదు.

గంటన్నర నిలబడ్డాం. కౌంటరు దగ్గరి అమ్మాయి కంప్యూటరులో చూసి, మధ్యలో విమానం మారిన చోటే ఉండిపోయిందని, రెండు మూడు రోజుల్లో హోటల్‌కు పంపుతామని చెప్పింది. పెట్టె రంగు, సైజు రాసుకుంది. మందులు గానీ అత్యవసరమైనవి గానీ ఉన్నాయా అని అడిగింది. నిదానం నా మోచేతి పక్కనే ఉన్నాడు.

బట్టలే అన్నాను.

నిదానం తన చొక్కాలు రెండు ఇచ్చాడు. భుజాల దగ్గర వదులు.

షుగరు మిషన్ పెట్టెలో ఉంది. 180 ఉండొచ్చు.

ఫిబ్రవరి 23

170, అంచనా. రాత్రి ఏమీ తినలేదు కాబట్టి తగ్గే ఉంటుంది.

హోటల్ చిన్నది, శుభ్రంగా ఉంది. గదిలో మంచం, బల్ల, తెరవడానికి వీల్లేని కిటికీ. కంపెనీ రెండు బస్ స్టాపుల దూరం. మాకు నేర్పించే ట్రైనరు యాభై దాటిన పెద్దమనిషి. అతని ఇంగ్లీషు, మా ఇంగ్లీషు ఒకదాన్నొకటి ఓదార్చుకుంటూ నడుస్తున్నాయి. శిక్షణ మిషన్‌కు పక్క తలుపులు తీసేసి పెట్టారు, లోపలి భాగాలు కనపడాలని. అందుకే మొదటి రోజంతా ఒకటే పాఠం: ఒకడు ప్యానెల్ దగ్గర ఉండాలి, రోలరు వేగం తెర మీద సున్నా అయ్యాక గట్టిగా చెప్పాలి, అది విన్నాకే రెండోవాడు చెయ్యి లోపల పెట్టాలి.

ఇంటికి ఫోన్ చేశాను. పెట్టె సంగతి చెప్పలేదు. షుగరెంత అంది. 170 అన్నాను. పరవాలేదే అంది.

ఫిబ్రవరి 24

160, అంచనా. ఇంటికి ఫోన్ చేసినప్పుడూ అదే చెప్పాను.

మధ్యాహ్నం విరామంలో ఒంటరిగా బయటికొచ్చి మందుల షాపుకు వెళ్ళాను. ఇన్సులిన్ పేరు కాగితం మీద రాసి చూపించాను. అతను మర్యాదగానే చెప్పాడు, డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడదట. ఉత్తరం పెట్టెలో ఉంది. రెండు వీధుల అవతల క్లినిక్ ఉందని దారి గీసిచ్చాడు. వెళ్ళాను. లోపల కౌంటరు మీద ఇన్సూరెన్సు కార్డు చూపించమని బోర్డు ఉంది. గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశాను.

పెట్టె ఎలాగూ రేపు వస్తుంది.

ఫిబ్రవరి 25

155. దాహం. ఎంత తాగినా నీళ్ళే. ఇక్కడి గాలి పొడిగా ఉంది.

ఫిబ్రవరి 26

150.

బెల్టు ఒక కన్నం లోపలికి వచ్చింది. తిండి తగ్గించిన ఫలితం. మా ఆవిడకు చెబితే సంతోషించింది, తర్వాత ఎన్నాళ్ళలో తగ్గారని అడిగింది. పెట్టె ఇంకా రాలేదు. తరగతిలో బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఇంటికెళ్ళాక కళ్ళద్దాలు మార్పించాలి. నిదానం పక్క నుంచి చూసి, ఒంట్లో బాగుందా అని అడిగాడు. నిద్ర చాలడం లేదన్నాను. అది నిజమే, గంటకోసారి బాత్‌రూముకు లేవాల్సి వస్తోంది.

ట్రైనరు నన్ను మెచ్చుకున్నాడు. చెయ్యి చురుకైనది అన్నాడు. నిదానం విన్నాడు.

ఫిబ్రవరి 27

నిదానానికి దెబ్బ తగిలింది. కుడిచేతి రెండు వేళ్ళు, చూపుడువేలు, మధ్యవేలు. చివర్లు నలిగాయి. ఒక గోరు పూర్తిగా పోయింది. కుట్లు వేశారు. వేళ్ళు ఉంటాయన్నారు.

కాగితం లోపల ఇరుక్కుంది. నేను ప్యానెల్ దగ్గర ఉన్నాను, అతను అవతల పక్క. మిషన్ ఆపే బటను నొక్కాను. రోలరు వెంటనే ఆగదు, మెల్లగా తిరిగి ఆగుతుంది. తెర మీద సున్నా పడాలి. అతను ఆగిందా అని అడిగాడు. నేను చెప్పాను. అతను చెయ్యి పెట్టాడు. రోలరు ఇంకా తిరుగుతోంది.

ట్రైనరు పరిగెత్తుకొచ్చి, అన్నిటినీ ఒక్కసారిగా ఆపే ఎర్ర బటను కొట్టాడు.

నేను ఆగింది అన్నానో ఆగుతోంది అన్నానో గుర్తు లేదు. ఆగుతోంది అనే అని ఉంటాను.

ఫిబ్రవరి 28

145.

సేఫ్టీ ఆఫీసరు మా ఇద్దరి దగ్గరా విడివిడిగా రాయించుకున్నాడు. 'ఆగుతోంది అని చెప్పాను, పూర్తిగా ఆగకముందే అతను చెయ్యి పెట్టాడు' అని రాసి సంతకం పెట్టాను. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ తొందరపడనివాడు ఆ ఒక్కసారి తొందరపడ్డాడు. అలా జరుగుతుంటుంది.

పొద్దుటి నుంచి కడుపులో నొప్పి. సూప్ తాగితే నిలవలేదు.

మార్చి 1

అంకె రాయలేను. వాంతులు. పనికి వెళ్ళలేదు. పెట్టె

మార్చి 4

ఆసుపత్రి. కిటికీ పక్క మంచం. చేతికి సెలైన్. నోటుబుక్కు నిదానం తెచ్చిచ్చాడు, దిండు కింద ఉందట. తెరవలేదన్నాడు. నమ్మాను.

ఎలా వచ్చానో నాకు ముక్కలుగానే గుర్తుంది. మిగతాది నిదానం చెప్పాడు. ఒకటో తారీఖు పొద్దున మా ఆవిడ అతనికి ఫోన్ చేసింది. మా ఆయన గదికి వెళ్ళి చూడన్నయ్యా, ఫోన్ ఎత్తడం లేదు అంది. అతను తలుపు కొట్టాడు. నేను తీయలేదు. కింద కౌంటరు వాళ్ళను పిలుచుకొచ్చి తెరిపించాడు. నేను మంచానికీ బాత్‌రూముకూ మధ్య నేల మీద ఉన్నాను, ఊపిరి కుక్క వగర్చినట్టు ఉందట. అప్పుడు ఫోనులోనే మా ఆవిడ అతనికి చెప్పింది: షుగరు, ఇన్సులిన్, ఎన్ని యూనిట్లు, మాత్రల పేర్లు, ఏ మందు పడదో. అతను ఎడమ చేత్తో రాసుకున్నాడు. అంబులెన్సు వాళ్ళకు మాట అర్థం కాకపోతే ఎంబసీకి ఫోన్ చేశాడు. వాళ్ళు ఇక్కడి భాష వచ్చిన మనిషిని లైనులో పెట్టారు. ఆ మనిషి ఆసుపత్రి చేరేదాకా ఫోను పెట్టలేదట. ఇంత పనీ చేసింది, మూడుసార్లు చూసుకుంటే గానీ బోల్టు వదలని మనిషి.

వచ్చినప్పుడు షుగరు 580 దాటిందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో అరపూట ఆలస్యమైతే చెప్పలేమంది. ఎన్ని రోజులైంది సూది వేసుకోకుండా అని అడిగింది. తొమ్మిది అన్నాను. ఆమె తిట్టలేదు, రాసుకుంది.

పెట్టె నిన్న హోటల్‌కు వచ్చిందట.

మా ఆవిడ ఫోనులో పెద్దగా ఏడవలేదు. "నూట డెబ్భై, నూట అరవై, నూట యాభై అయిదు, నూట యాభై. ఎనిమిదేళ్ళలో మీకు వరసగా నాలుగు రోజులు తగ్గింది ఎప్పుడండీ? నిజంగా చూసుకున్నవాడు చెప్పే అంకెలా అవి?" అంది. పెట్టెలోకి ఎప్పుడు మార్చారంది. చెప్పాను. "నేను స్నానానికి వెళ్ళేదాకా ఆగి" అంది. కాసేపటికి, ఇప్పుడెంత ఉందో నర్సును అడిగి చెప్పమంది. నర్సు 240 అంది. ఆ అంకె ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది.

మార్చి 5

ఇన్సూరెన్సు వాళ్ళు కుదరదన్నారు. జబ్బు లేదని నేను రాసిన కాగితం వాళ్ళ దగ్గరే ఉంది. ఆసుపత్రి ఖర్చు మా ఫ్యాక్టరీ కట్టి జీతంలో కోసుకుంటుంది. అంటే మేనేజరుకు తెలిసింది. అందరికీ తెలిసింది. తెలిస్తే ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నాను. నర్సు వచ్చి జ్వరం చూసి వెళ్ళింది. అంతే.

నిదానం సాయంత్రం వచ్చి మంచం పక్క కుర్చీలో కూర్చున్నాడు. కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు ఆ రోజు అంత నీరసంలో ఉండి కూడా ప్యానెల్ దగ్గర నిలబడ్డావు బావా. నేను చూసుకోవాల్సింది. నువ్వు ఆగుతోంది అన్నావట, నాకు ఆగింది అని వినపడింది. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి తొందరపడ్డాను. దానికి నీకు కూడా కాగితాలు, సంతకాలు. ఏమీ అనుకోకు."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నిద్ర వస్తోందనుకుని, దుప్పటి సరిచేసి వెళ్ళిపోయాడు.

మార్చి 6

212.

ఇది మిషన్ చూపించిన అంకె.

మార్చి 7

198.

పదకొండింటికి ట్రైనరు, సేఫ్టీ ఆఫీసరు ఆసుపత్రికే వచ్చారు, నిదానాన్ని వెంటబెట్టుకుని. పండ్లు తెచ్చారు, డాక్టరమ్మ వాటిని నర్సులకు ఇప్పించింది. ప్రమాదం రిపోర్టు తయారైంది, ఇద్దరి సంతకాలూ కావాలి. ట్రైనరు నెమ్మదిగా చదివి అర్థం చెప్పాడు. రోలరు పూర్తిగా ఆగకముందే చెయ్యి పెట్టడం నిదానం తప్పు. మిగిలిన రోజులు అతను మిషన్ దగ్గరికి వెళ్ళకూడదు, తరగతిలో కూర్చోవాలి. ఒక కాపీ మన ఫ్యాక్టరీకి పోతుంది.

నిదానం తల ఊపాడు. ఎడమ చేత్తో పెన్ను పట్టుకుని, సంతకం పెట్టాల్సిన చోటు వెతుక్కుని, పేరులో మొదటి అక్షరం మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి కదా, అక్షరం వంకర పోయింది. దాన్ని మళ్ళీ దిద్దుతున్నాడు.

"ఉండు, పెట్టకు" అన్నాను.

తలెత్తాడు.

"నేను ఆగుతోంది అనలేదు. ఆగింది అన్నాను."

"జ్వరంలో మాట్లాడుతున్నావు."

"జ్వరం లేదు. తెర మీద ఎనిమిది ఉంది. నాకు సున్నాలా కనపడింది. అప్పటికి మూడు రోజులుగా కళ్ళు మసక. దగ్గరికెళ్ళి చూడొచ్చు, నిన్నే చూడమనొచ్చు. అదేమీ చెయ్యకుండా ఆగింది అనేశాను. నువ్వు విన్నది సరిగ్గానే విన్నావు."

నిదానం పెన్ను కింద పెట్టాడు. తెలుగు రాని ఆ ఇద్దరూ మా మొహాలు చూస్తున్నారు.

"కాగితం మీద ఆగుతోంది అని రాసిన రోజున, ఇది నీకు తెలుసా?" అన్నాడు.

ఈ పుస్తకంలో గుర్తు లేదని రాసుకున్నాను. ఇరవై ఏడో తారీఖు పేజీ చూస్తే ఉంటుంది. రాస్తున్నప్పుడు కూడా గుర్తుంది.

"తెలుసు" అన్నాను.

ఆ తర్వాత నాకొచ్చిన ఇంగ్లీషులో వాళ్ళకు చెప్పాను. ట్రైనరుకు ఒకసారి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. రెండోసారి చెప్పడం ఎక్కువ కష్టమైంది. సేఫ్టీ ఆఫీసరు పాత కాగితం అడ్డంగా కొట్టేసి, వెనక వైపు నా మాటలు రాసుకుని, నా ఒక్కడి సంతకం తీసుకున్నాడు.

నిదానం అప్పటికే బయటికి వెళ్ళిపోయాడు.

మార్చి 8

176. డిశ్చార్జి చేశారు. నిదానం వచ్చి కౌంటరులో కాగితాలన్నీ ఇప్పించి, టాక్సీ పిలిచి, నా గది తాళం చేతికిచ్చాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మార్చి 9

181.

మేనేజరు ఫోన్ చేశాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. విమానం ఎక్కొచ్చని డాక్టరమ్మ రాసివ్వగానే నేను తిరిగి వచ్చెయ్యాలి. శిక్షణ నిదానం పూర్తి చేస్తాడు, వేళ్ళు మానేదాకా ఎడమ చేత్తోనే. నాకు మెడికల్ బోర్డు పరీక్ష అయ్యేదాకా మిషన్ల దగ్గర పని లేదు. స్టోర్సులో సామాను చూసుకోవాలి. ఆ తర్వాత ఏమిటో చెప్పలేనన్నాడు. చివర్లో, జబ్బు ఉందని రాసి ఉన్నా నిన్నే పంపేవాణ్ణి, మందులు జాగ్రత్తగా పెట్టుకోమనేవాణ్ణి అన్నాడు. నిజంగా పంపేవాడో లేదో తెలియదు. తెలుసుకునే వీలు నేనే లేకుండా చేసుకున్నాను.

మా ఆవిడకు అంతా చెప్పాను, వేళ్ళ సంగతితో సహా. అన్నయ్య వాళ్ళావిడకు తెలుసా అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. తాను వెళ్ళి కలుస్తానంది. వద్దు, నేను వచ్చాక వెళ్తానన్నాను. సరే, ఇద్దరం వెళ్దామంది.

మార్చి 10

మనిషి అదే హోటల్లో, పక్క గదిలోనే ఉన్నాడు. తలుపు చప్పుడు, కుళాయి చప్పుడు వినపడతాయి. కొత్త ఇన్సులిన్ కొనడానికి డాక్టరమ్మ చీటీ ఇచ్చింది, తెచ్చుకున్నాను. పెట్టెలోది పారేశాను. 168.

మార్చి 11

అతని తలుపు కొట్టాను. తీశాడు. క్షమించమని అడగడానికి వెళ్ళాను. నోట్లోంచి మాట బయటికొచ్చేలోపు, అతను కట్టు మార్చుకుంటున్నాడని చూశాను. ఒక చేత్తో కుదరక, పళ్ళతో టేపు పట్టుకుని ఉన్నాడు. లోపలికెళ్ళి టేపు పట్టుకున్నాను. చుట్టాను. గోరు లేని వేలు దగ్గరగా చూశాను. కొన ఎర్రగా, పచ్చిగా, చిన్నపిల్లల వేలులా ఉంది.

"తప్పు చేశాను" అన్నాను.

"ఆ" అన్నాడు.

మిగిలిన టేపు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మార్చి 12

172. ఇది మంచి అంకె కాదు, చెడ్డదీ కాదు. రాశాను.

మధ్యాహ్నం విమానం. ఎయిర్‌పోర్టు బస్సు హోటల్ ఎదురుగా ఉన్న స్టాపులోనే ఆగుతుంది, కంపెనీ బస్సూ అక్కడే. పెట్టె పక్కన పెట్టుకుని నిలబడ్డాను. నిదానం పనికి బయలుదేరి వచ్చాడు. కాస్త దూరంగా నిలబడి రోడ్డు చూశాడు. తర్వాత దగ్గరికి వచ్చాడు.

"కాగితం కుడివైపుకు జరిగిపోతోంది. నిన్నంతా చూశాను. ఎడమ స్ప్రింగు ఎంత బిగించినా దారికి రావట్లేదు" అన్నాడు.

"ఎడమది ముట్టుకోకు. కుడిది వదులు చెయ్యి, అర చుట్టు."

సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, బెంచీ మీద పెట్టి, ఎడమ చేత్తో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఒకటో తరగతి పిల్లాడి అక్షరాల్లా పెద్దపెద్దగా పడుతున్నాయి. నేను కళ్ళు మూసుకుని ఆ మిషన్‌ను మళ్ళీ తలచుకున్నాను, స్ప్రింగు చివర మర ఎంత పొడవుందో.

"కాదు, పావు చుట్టు. అర అని తప్పు చెప్పాను. అర తిప్పితే కాగితం చిరుగుతుంది" అన్నాను.

అర కొట్టేసి పావు అని రాశాడు. పైకి చదివాడు. అవునన్నాను. అతని బస్సు మలుపు దగ్గర కనపడింది. పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు.

"సాయంత్రం చేసి చూసి ఫోన్ చేస్తాను" అన్నాడు.

"సాయంత్రానికి నేను విమానంలో ఉంటాను."

"దిగాక ఎత్తు" అని బస్సెక్కాడు.